శ్రీలంకలో రైళ్లు, బస్సుల మీద పది రోజులు: నా అనుభవం

2024 ఫిబ్రవరిలో అమ్మగారిని, నాన్నగారిని శ్రీలంకకు తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నప్పుడు, విశాఖపట్నంలో నేను సంప్రదించిన ఒక ట్రావెల్ ఏజెంటు, పెద్దవాళ్లతో వెళుతున్నారు కాబట్టి పది రోజులకూ డ్రైవరుతో కారు మాట్లాడుకోవడం తప్ప వేరే మార్గం లేదని చెప్పారు. నాన్నగారు వాల్తేరు డివిజన్‌లో పనిచేసి పదవీ విరమణ పొందిన రైల్వే ఉద్యోగి. కొండల్లో బ్రాడ్ గేజ్ లైను ఉన్న దేశానికి వెళ్లి కారులో తిరిగి రావడం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

కొండల మీదుగా క్యాండీ నుంచి ఎల్లా అనే ఊరికి వెళ్లే రైలులో సీట్ల రిజర్వేషన్ ప్రయాణానికి ముప్పై రోజుల ముందు మొదలవుతుంది. శ్రీలంక సమయమూ మన సమయమూ ఒకటే కాబట్టి సరిగ్గా ఆ వేళకు ఆన్‌లైన్‌లో సిద్ధంగా కూర్చున్నాను. అయినా కొన్ని నిమిషాల్లోనే సీట్లన్నీ అయిపోయాయి. అవే సీట్లను అసలు ధరకు ఎన్నో రెట్లు అడుగుతూ అమ్మేవారు కనిపించారు గానీ, వారి దగ్గర కొనడానికి నాన్నగారు ఒప్పుకోలేదు. రిజర్వేషన్ లేని రెండవ, మూడవ తరగతి టికెట్లను అదే రోజు స్టేషన్ కౌంటరులో ఇస్తారని, వాటికి పరిమితి లేదని తెలుసుకున్న తరువాత ఆయనే ఒక ఉపాయం చెప్పారు: కొలంబో నుంచి నిండి వచ్చే రైలును క్యాండీలో ఎక్కే బదులు, నువారా ఎలియాకు బస్సులో వెళ్లి, ఆ ఊరికి దిగువనున్న నాను ఓయా స్టేషన్‌లో ఎక్కడం మేలని, అక్కడ దిగేవారు చాలామంది ఉంటారు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుందని.

అలాగే జరిగింది. రైలు ఆగగానే పర్యాటకులు గుంపులుగా దిగిపోయారు, అమ్మగారికి కిటికీ పక్కనే సీటు దొరికింది. ఈ మార్గంలో అందమైన భాగమంతా నాను ఓయా దాటిన తరువాతే ఉందని నా అభిప్రాయం. పట్టిపోల స్టేషన్ సముద్ర మట్టానికి సుమారు 1,897 మీటర్ల ఎత్తున ఉంటుంది. అరకు దారిలో మన శిమిలిగూడ స్టేషన్ దాదాపు 996 మీటర్లు. పట్టిపోల స్టేషన్ బోర్డు దగ్గర నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత హపుతలే వచ్చేవరకూ అరకు మీదుగా వెళ్లే మన కె.కె. (కొత్తవలస–కిరండూల్) లైనులోని సొరంగాల గురించి చెబుతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. ఈ మార్గంలో పేరుపొందిన తొమ్మిది కమానుల వంతెన ఎల్లాకు అవతల, దెమోదర వైపు ఉంటుంది. నాను ఓయా వైపు నుంచి వచ్చి ఎల్లాలో దిగిపోయేవారు రైలులో ఆ వంతెనను దాటరు. మేము ఒక స్టేషన్ ముందుకు, దెమోదర వరకు టికెట్ తీసుకున్నాము. అక్కడ లైను ఒక చుట్టు తిరిగి, స్టేషన్ కింది నుంచే సొరంగంలో సాగిపోతుంది. అది చూసి, త్రీ వీలరులో (మన ఆటో వంటిదే) ఎల్లాకు వెనక్కి వచ్చాము. కొండ ఊళ్లలో ఎక్కే ముందే బాడుగ మాట్లాడుకోవాలి. కొలంబోలో మాత్రం మీటరు ఉన్న బండిని గానీ, బండిని పిలిపించుకునే పిక్‌మీ యాప్‌ను గానీ నమ్ముకోవచ్చు.

ఎల్లా నుంచి దక్షిణ తీరానికి రైలు లేదు. వెల్లవాయలో బస్సు మారి మాతర చేరాము. ఎర్ర రంగు బస్సులు ప్రభుత్వ రవాణా సంస్థవి. టికెట్ కండక్టరే ఇస్తాడు కాబట్టి చిల్లర దగ్గర ఉంచుకోవడం మంచిది. ముందు వరుసలో కొన్ని సీట్లు బౌద్ధ భిక్షువులకు కేటాయించి ఉంటాయి. అది తెలియక అమ్మగారు అక్కడ కూర్చున్నారు. తోటి ప్రయాణికురాలు ఎంతో మర్యాదగా చెప్పి, తన సీటు ఆమెకు ఇచ్చింది. మెలికలు తిరిగే ఆ ఘాట్ దారి పెద్దవాళ్లకు కష్టమే. కారు తీసుకోవాలనుకుంటే పది రోజులకు కాక, ఆ ఒక్క పూటకు తీసుకుంటే చాలు.

మాతర నుంచి కొలంబోకు తీరం వెంబడి వచ్చే రైలులో ఎడమ వైపు కూర్చోవాలి, సముద్రం అటే ఉంటుంది. మొరటువ దాటాక పట్టాలు అలల పక్కనే సాగుతాయి. కొలంబో ఫోర్ట్‌లో దిగి, 187 నంబరు బస్సులో కటునాయక విమానాశ్రయానికి బయలుదేరాము. ఫోర్ట్ స్టేషన్ గేటు దగ్గర టికెట్లు తిరిగి తీసేసుకుంటారు. నాన్నగారు ఉద్యోగంలో చేరిన రోజుల్లోని చిన్న అట్ట టికెట్ల వంటివే అవి. నాన్నగారు తన టికెట్‌ను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని, గేటు దగ్గర ఉద్యోగి చేతిలో పెట్టారు.