12.4 వోల్టులు చూపిస్తూనే వెలగని బ్రేక్ లైటు

నా బైకు బ్రేక్ లైటు బల్బు తీసి హోల్డరులో మీటరు పెట్టి బ్రేకు నొక్కితే 12.4 వోల్టులు కనిపిస్తాయి. మంచి బల్బు పెట్టి నొక్కితే వెలుగు రాదు. నన్ను ఎంతో విసిగించిన ఈ చిక్కు ఎట్టకేలకు విడిపోయింది. లోపం సీటు కింది కనెక్టరులో, గోరంత ఇత్తడి టెర్మినల్‌లో ఉంది. ఇలాంటి లోపం వచ్చినప్పుడు బల్బు, స్విచ్చులు, చివరికి హార్నెస్ (బండిలోని వైర్ల కట్ట) మొత్తం మార్చేసేవారు ఎక్కువ కనుక, ఏమీ మార్చకుండానే దాన్ని పట్టించిన కొలతలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు లివరు నొక్కినా, వెనుక పెడల్ తొక్కినా ఫలితం ఒకటే. ఆ రెండు స్విచ్చులూ సమాంతరంగా కలిసి ఉంటాయి, రెండూ ఒకేసారి పాడవడం అరుదు, కాబట్టి లోపం వాటి ఉమ్మడి దారిలోనే ఉండాలి. అదే ఫ్యూజు మీద నడిచే హారన్ చక్కగా మోగుతోంది, అంటే ఫ్యూజు బాగానే ఉంది. పెడల్ స్విచ్ నట్టును సర్దడం కొద్దిసేపటి పని, అది అయిపోయింది.

టెయిల్ లైటు వెలుగుతోంది కనుక ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి, బాగానే ఉందనే వాదనను నేను ఒప్పుకోను. రెండు ఫిలమెంట్లున్న 21/5 వాట్ల బల్బులో టెయిల్ ఫిలమెంటు తీసుకునేది సుమారు 0.4 ఆంపియర్లు, బ్రేకు ఫిలమెంటు తీసుకునేది సుమారు 1.75 ఆంపియర్లు. చిలుము పట్టిన ఎర్త్ మొదటిదాన్ని మోస్తూనే రెండోదాని దగ్గర చేతులెత్తేయగలదు. అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు ఉన్న విడి వైరును నేరుగా హోల్డరులోని బ్రేకు కాంటాక్టుకు తాకించాను. బల్బు నిండుగా వెలిగింది. ఆ స్థితిలో హోల్డరు బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 వోల్టు మాత్రమే వచ్చింది. బల్బు, హోల్డరు, ఎర్త్ మూడూ ఈ ఒక్క పరీక్షతో అనుమానితుల జాబితాలోంచి బయటికి వెళ్లాయి.

మరి 12.4 వోల్టుల మాటేమిటి? సాధారణ డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం 10 మెగా ఓములు ఉంటుంది కనుక అది లాగే కరెంటు ఒక మైక్రో ఆంపియరుకు కాస్త ఎక్కువ. అంత స్వల్ప కరెంటుకు దారిలో 35 ఓముల అడ్డంకి ఉన్నా లేనట్టే లెక్క. బల్బు లేకుండా తీసిన వోల్టేజీని నమ్మకూడదని నేను పట్టుబట్టేది అందుకే. మీటరు ఫ్లూక్ లాంటి ఖరీదైన కంపెనీది అయినా, చవకైనది అయినా ఈ విషయంలో తేడా ఉండదు.

బల్బును హోల్డరులోనే ఉంచి, ఇంజిను ఆపి, పెడల్‌ను తొక్కిపెట్టి, బ్యాటరీ నుంచి బల్బు దాకా ఒక్కొక్క భాగంలో ఎంత వోల్టేజీ పోతోందో కొలిచాను. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా 0.06, స్విచ్ లోపల 0.14, స్విచ్ నుంచి సీటు కింది కనెక్టరు దాకా 0.02 వోల్టులు. కనెక్టరు ఈ పక్క నుంచి ఆ పక్కకు 11.54 వోల్టులు! అక్కడి నుంచి హోల్డరుకు 0.02, ఎర్త్‌లో 0.02 పోగా బల్బుకు మిగిలింది 0.6 వోల్టు. అన్నీ కూడితే బ్యాటరీలోని 12.4 వోల్టులకు సరిగ్గా లెక్క కుదిరింది. వరుసలో ఆమ్మీటరు పెడితే 0.33 ఆంపియర్లు వచ్చాయి, అంటే ఆ ఒక్క అతుకు దగ్గర 35 ఓముల నిరోధం. బ్రేకు నొక్కినంతసేపూ అక్కడ దాదాపు 3.8 వాట్లు వేడిగా మారుతున్నాయి. కనెక్టరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడానికి కారణం అదే.

ఒక్క విషయం మాత్రం చాలాసేపు తికమక పెట్టింది. కరెంటు ఆపి అదే అతుకును ఓముల్లో కొలిస్తే 0.5 చూపించింది. మీటరు మొనలను వెనుక నుంచి గుచ్చినప్పుడు వదులైన టెర్మినల్ నాలుక మగ టెర్మినల్‌కు గట్టిగా ఆనుకుని ఉంటుందని, మొన తీయగానే మళ్లీ జారిపోయి ఉంటుందని నా ఊహ. వోల్టేజీ కొలిచేటప్పుడు మొనలను టెర్మినళ్లకు కాకుండా, కాస్త దూరంలో వైరు తొడుగులోకి సన్నని సూదితో గుచ్చాను కనుక అసలు స్థితి బయటపడింది. ఆ సూది రంధ్రాలను తర్వాత తప్పక మూసెయ్యాలి, లేదంటే నీరు దిగి కొత్త చిలుముకు అదే దారి అవుతుంది. కనెక్టరు నోరు పైకి తిరిగి ఉండడంతో చక్రం చిమ్మిన నీరు అందులో నిలిచి ఉండాలి. చిలుము వల్ల వేడి, వేడి వల్ల నాలుక వదులు కావడం, ఆ వదులు వల్ల మరింత వేడి. పక్కనే ఉన్న టెయిల్ లైటు టెర్మినల్ ఇంకా మెరుస్తూ ఉండడానికి అది మోసే కరెంటు తక్కువ కావడమే కారణమని అనుకుంటున్నాను.

రెండు వైపులా కొత్త టెర్మినళ్లను క్రింప్ చేసి (వైరు మీద గట్టిగా నొక్కి బిగించి), నోరు కిందికి తిప్పి కట్టాను. లైటు వెలుగుతోంది.

టంకం వేయకపోవడం కావాలనే. సీసం వైరు పోగుల్లోకి పాకి, అది ఆగిన చోట వైరు బిరుసెక్కి, బండి అదురుకు అక్కడే తెగుతుంది. మామూలు డబ్ల్యూడీ-40 చల్లడం కూడా నాకు నచ్చదు, నీటిని తరమడానికి అది మంచిదే కానీ చిలుమును వదిలించేందుకు కాంటాక్ట్ క్లీనరే కావాలి. ఆపైన సిలికాన్ గ్రీజు పలుచగా పూస్తే చాలు.

ఇప్పుడు పూర్తి కరెంటు పారుతోంది కనుక మరో బలహీనత కనిపించింది. పెడల్ తొక్కినప్పుడు స్విచ్‌లో 0.7 వోల్టు పోతోంది, ముందు లివరు స్విచ్‌లో 0.1 మాత్రమే. అందుకే పెడల్ తొక్కితే బల్బుకు 10.9 వోల్టులే అందుతున్నాయి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో పాటు చాలా వేగంగా పడిపోతుంది కనుక, ఆ 0.7 వోల్టును రాబడితే వెలుగు ఐదో వంతుకు పైగా పెరగాలి. వెనుక వచ్చే వాహనం చూసేది ఆ వెలుగునే కాబట్టి ఈ తేడాను నేను చిన్నదిగా చూడలేను. తదుపరి పని పెడల్ స్విచ్‌ను అదే రకం కొత్తదానితో మార్చడం. ఎల్‌ఈడీ బల్బు ఆలోచన ఆ తర్వాతే. ఆ పాత అతుకుతోనే ఎల్‌ఈడీ పెట్టి ఉంటే తక్కువ కరెంటుతో మసకగా వెలిగి లోపాన్ని దాచిపెట్టేది. పెట్టేటప్పుడు ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్‌ఈడీనే ఎంచుకుంటాను, తెల్లదాని వెలుగులో చాలా భాగం ఆ అద్దంలోనే ఆగిపోతుంది. ఈలోగా హెడ్‌లైటు కనెక్టరును కూడా ఇలాగే, బల్బు వెలుగుతుండగా కొలవాలి.