ఏట్లో ఉన్న మూలరాయి

కోనసీమలో గోదావరి పాయ అయిన వశిష్ఠ ఒడ్డున మాకున్న కొబ్బరితోట విస్తీర్ణం పాత రికార్డులో ఎకరం ఎనభై సెంట్లు. నేల మీద నిలబడి కొలిస్తే ఎకరానికి కాస్త ఎక్కువ. తక్కిన భూమిని ఏ పొరుగువారూ ఆక్రమించలేదు, 1953 వరద కొంత, 1986 వరద మరికొంత కోసుకుపోయాయి. వేళ్లు బయటపడిన చెట్టు నాలుగైదు నెలలు ఏటి మీదికి వాలి ఉండి, ఒక రాత్రి గట్టు పెళ్లతో సహా దిగిపోవడం నేను చిన్నప్పుడు మంచంలో పడుకుని విన్నాను.

ఇటీవల ఎఫ్.ఎం.బి., అంటే సర్వే కొలతల పటం, నకలు తీయించి సర్వేయరును పిలిపించాను. ఆ పటంలో కొలతలన్నీ లింకుల్లోనే ఉంటాయి: 66 అడుగుల గొలుసుకు 100 లింకులు, వెయ్యి చదరపు లింకులకు ఒక సెంటు. ఏటి వైపు మూలరాయి ఎక్కడని అడిగితే ఆయన నీళ్ల వైపు చెయ్యి చూపి, "అదిగోనండి, ఆ నావ కట్టేసిన చోటికి ఇంకా అవతల" అన్నారు.

ఇలాంటి తగాదాల కోసం బెంగాల్‌లో 1825లోనే ఒక రెగ్యులేషన్ చేశారు. మేట క్రమంగా వేస్తే ఒడ్డు భూమి గలవారికి చెందుతుందనీ, నది ఒక్కసారిగా దారి మార్చి గుర్తించదగిన భూమిని విడదీస్తే పాత యజమాని హక్కు పోదనీ అందులో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో అటువంటి శాసనం లేకపోగా, నదీగర్భం ప్రభుత్వానిదని 1905 ఆక్రమణల చట్టం చెప్పింది. అయితే గోదావరి లంకల గురించి విజయనగరం రాజావారి వ్యాజ్యం అప్పట్లో లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లినప్పుడు, క్రమంగా అన్న మాటకు ఇంగ్లండు నదుల వేగాన్ని భారతదేశపు నదులకు యథాతథంగా వర్తింపజేయనక్కరలేదని న్యాయమూర్తులు అన్నారు. గోదావరి ఒక్క వరదలో ఎంత మేట వేస్తుందో చూసినవారెవరికైనా అది సబబుగానే తోస్తుంది.

మునిగిన భూమి అదే స్థానంలో తిరిగి తేలితే, అది ఫలానావారిదని గుర్తించగలిగితే, పాత యజమానికే చెందుతుందని అదే కౌన్సిల్ 1870లో గంగానది తగాదాలో తేల్చింది. మా తాతయ్యకు ఆ తీర్పు తెలిసే అవకాశం లేదు. అయినా శిస్తు ఉన్నన్నాళ్లూ ఆయన నీళ్లలో ఉన్న సెంట్లకు కూడా కట్టారు. మాఫీ అడిగితే భూమి వదులుకున్నట్టేనని ఆయన నమ్మకం. ఊళ్లో నవ్వినవారు ఉన్నారు. ఆ రసీదుల కట్ట ఇప్పటికీ బీరువాలో ఉంది, నేను మాత్రం నవ్వలేను.

ఎందుకంటే, మూడేళ్లుగా ఆ మూల దగ్గరే ఇసుక మేట వేస్తోంది, వేసవిలో దాని మీద రెల్లు మొలుస్తోంది. భూములను మళ్లీ కొలిచే రీసర్వేలో, ఉపగ్రహ సంకేతాలతో స్థానం గుర్తించే రోవరు అనే పరికరంతో కొలిచినవారు మాత్రం అప్పటి ఒడ్డునే మా హద్దుగా రాసుకుని, అవతలిదంతా నదిగా చూపారు. పరికరంలో తప్పేమీ లేదు, రాయి కొట్టుకుపోయినా బిందువు పోకుండా అక్షాంశ రేఖాంశాలతో పట్టి ఉంచగలిగేది అదే. ఆ రోజు ఎక్కడ నిలబడి కొలవాలన్నదే తగాదా. 1923 సర్వే చట్టం ప్రకారం, ప్రకటించిన హద్దును మూడేళ్లలోగా సివిల్ కోర్టులో సవాలు చేయకపోతే అదే స్థిరపడుతుంది.

అందుకని గట్టు లోపల మిగిలిన రెండు రాళ్ల నుంచి పాత లింకుల కొలతలు పట్టి, మునిగిన మూల ఎక్కడ పడుతుందో సర్వేయరు చేత లెక్క కట్టించి, ఆ స్థానాన్ని దరఖాస్తులో రాయించాను. రసీదుల నకళ్లు కూడా జతచేశాను. ఆ లెక్క ప్రకారం మూలరాయి మేట అంచుకు పన్నెండు అడుగుల లోపల, ఇసుక కిందే ఉండాలి.