‘కాబట్టి’ పెట్టి చదివాక: నీట్‌తో నా రెండో ఏడాది

2024 మే 5న మొదటిసారి మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ రాసి బయటికొచ్చినప్పుడు బాగానే రాశాననుకున్నాను. బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు అట్టలు ఊడేదాకా చదివినదాన్ని. కీ వచ్చాక కూర్చుని ఒక్కో ప్రశ్నా సరిచూసుకుంటే, రాని పాఠాల్లో పోయిన మార్కుల కన్నా వచ్చిన పాఠాల్లో పోయినవే ఎక్కువ తేలాయి. అన్నీ అసెర్షన్-రీజన్ ప్రశ్నలు, రెండు స్టేట్‌మెంట్ల ప్రశ్నలు. అసెర్షన్ అంటే ఒక వాక్యం, రీజన్ అంటే దానికి కారణమని ఇచ్చే ఇంకో వాక్యం; రెండూ నిజమేనా, రీజన్ నిజంగా అసెర్షన్‌కి వివరణేనా అని అడుగుతారు. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. అంటే తెలిసిన పాఠంలో తప్పు పెట్టిన ప్రతిసారీ 5 మార్కుల తేడా. ఆ ఏడు సీటు రాలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగూ ఒడియా కలిపి, బడిలో ఒడియా, ప్లస్ టూలో ఇంగ్లీషు. నీట్ పేపరు 13 భాషల్లో ఇస్తారు, వాటిలో తెలుగు కూడా ఉంది. కానీ తెలుగు పేపరు తెలుగు రాష్ట్రాల సెంటర్లలోనే దొరుకుతుంది. నేను చదివింది ఇంగ్లీషులో కాబట్టి ఇంగ్లీషు పేపరే పెట్టుకున్నాను. అయితే ఇంగ్లీషులో చదవడం వేరు, ఇంగ్లీషులో ఆలోచించడం వేరు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అంతకుముందు కొన్నాళ్లు వెళ్లిన కోచింగ్‌లో ఒక షార్ట్‌కట్ చెప్పేవారు: రెండు వాక్యాలూ నిజమైతే ‘రీజన్ సరైన వివరణే’ అన్న ఆప్షన్ పెట్టేయండి, ఎక్కువసార్లు అదే అవుతుంది అని. ఆ మాట నమ్మి చాలా నష్టపోయాను. ఈ ప్రశ్నల కష్టమంతా అక్కడే ఉంది. రెండూ నిజమే అయినా, ఒకటి రెండోదానికి కారణం అవుతుందా కాదా అన్నదే అసలు ప్రశ్న.

నాకు దారి చూపించింది మా పిన్ని. కాశీనగర్ వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా చేస్తోంది. 2023లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) నిర్మూలన మిషన్ మొదలైన దగ్గర్నుంచి పిల్లలకి రక్త పరీక్షలు చేయించడం ఆమె పనిలో భాగం. ఒక రాత్రి కరెంటు పోతే వరండాలో కూర్చుని, ఫోన్ వెలుతురులో ప్రశ్న పైకి చదువుతున్నాను. అసెర్షన్: మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో సికిల్ సెల్ జన్యువు నిలిచి ఉంది. రీజన్: సికిల్ సెల్‌లో బీటా గ్లోబిన్ గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటుంది. రెండూ నిజమే. అలవాటు ప్రకారం ‘సరైన వివరణే’ అని టిక్కు పెట్టేశాను.

పిన్ని ఆపింది. “అమ్మలూ, అదేదో తెలుగులో చెప్పు.”

చెప్పాను. ఇంగ్లీషులో కారణం వెనక వస్తుంది, తెలుగులో ముందు వస్తుంది కదా. అందుకని నోటికి ఇలా వచ్చింది: “ఆరో స్థానంలో వాలీన్ ఉంటుంది కాబట్టి మలేరియా ఉన్నచోట ఈ జన్యువు నిలిచింది.”

“ఆ వాలీన్ మాటలో మలేరియా ఎక్కడుందే? జబ్బు ఎలా పుట్టిందో చెప్తోంది గానీ ఇక్కడే ఎందుకు ఉండిపోయిందో చెప్పట్లేదు కదా” అంది.

నిజమే. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే సికిల్ జన్యువు వచ్చినవాళ్లకి మలేరియా ప్రాణాల మీదికి తెచ్చే ముప్పు తక్కువ. వాళ్లు బతికారు, జన్యువు పిల్లలకి అందింది. అసలు వివరణ అది. ఆ సంగతి నాకు తెలుసు, పుస్తకంలో గీత కూడా గీసుకున్నాను. అయినా తప్పు పెట్టాను.

ఆ మర్నాటి నుంచి ప్రతి ప్రశ్ననీ అలాగే తిరగేసి చదవడం మొదలుపెట్టాను. ముందు రీజన్‌ని చేత్తో మూసి అసెర్షన్ ఒక్కటే నిజమా అని చూడటం. తర్వాత అసెర్షన్ మూసి రీజన్ చూడటం. రెండూ నిజమైతేనే మధ్యలో ‘కాబట్టి’ పెట్టడం. ఫిజిక్స్‌లో ఇది భలే పనిచేసింది. వృత్తంలో ఒకే స్పీడ్‌తో తిరిగే వస్తువుకి యాక్సిలరేషన్ ఉంటుంది, దాని స్పీడ్ మారదు: రెండూ నిజమే. “స్పీడ్ మారదు కాబట్టి యాక్సిలరేషన్ ఉంటుంది” అని పైకి అంటే చెవికే తేడా తెలిసిపోతుంది. దిశ మారుతోంది కాబట్టి ఉంటుంది.

కొన్నిచోట్ల మాత్రం ‘కాబట్టి’ కూడా మోసం చేస్తుంది. మన ఎర్ర రక్తకణాల్లో పక్వమయ్యాక కేంద్రకం ఉండదు, వాటిలో హిమోగ్లోబిన్ ఉంటుంది. “హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి కేంద్రకం ఉండదు” అంటే వినడానికి బాగానే ఉంది. ఇలాంటివాటికి ఇంకో అడుగు వేశాను: ఆ కారణం ఉండి కూడా ఫలితం లేనిచోటు ఏదైనా ఉందా? కప్ప ఉంది. కప్ప ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంది, కేంద్రకమూ ఉంది. కాబట్టి అది వివరణ కాదు. కేంద్రకం లేకపోతే హిమోగ్లోబిన్‌కి చోటు కలిసొస్తుందని రాసి ఉంటే లెక్క వేరు. ఒక్క మాటతో జవాబు మారిపోయే ఇలాంటి ప్రశ్నలంటే నాకు భయం పోయి ఇష్టం పుట్టింది.

‘అన్ని’ అన్న మాట కనబడగానే తప్పని కొట్టేసే అలవాటు కూడా అప్పుడే మానుకున్నాను. అన్ని ధమనులూ ఆక్సిజన్ ఉన్న రక్తాన్నే మోస్తాయన్నది తప్పు, ఊపిరితిత్తులకి వెళ్లే పుపుస ధమని మోయదు. అన్ని ధమనులూ గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్తాయన్నది ఒప్పు.

ప్రాక్టీసుకి మా అన్నయ్య పాత ఎయిమ్స్ గైడు తీశాను. 2019 దాకా ఎయిమ్స్‌కి వేరే పరీక్ష ఉండేది, దాంట్లో ఈ రకం ప్రశ్నలు బాగా ఇచ్చేవారు. ఒక ఇబ్బంది ఏమిటంటే ఆ గైడులో నాలుగు ఆప్షన్లూ ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి. నీట్‌లో వరుస మారుతుంది. ఒక మాక్ టెస్టులో అలవాటుగా జవాబు పత్రంలో గుండ్రాలు నింపి మూడు ప్రశ్నలు పోగొట్టుకున్నాక, ఆప్షన్లు చివరిదాకా చదవందే పెన్ను పెట్టలేదు.

2025 మే 4న బరంపురంలో సెంటరు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ చాలా కష్టంగా వచ్చింది, హాల్లో అందరికీ టెన్షనే. నేను బయాలజీతో మొదలుపెట్టి, పెదవులు కదుపుతూ ‘కాబట్టి’ పెట్టుకుంటూ రాశాను. ఇన్విజిలేటర్ మేడమ్ రెండుసార్లు నా వైపు చూశారు. రాష్ట్ర కోటాలో కోరాపుట్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది.

ఇప్పుడు మా పిన్ని కొడుకు ప్రిపేరవుతున్నాడు. రోజూ రాత్రి ఒక ప్రశ్న వాయిస్ మెసేజ్ పెడతాడు. నిన్నటిది ఇది: “అక్కా, మంచులో హైడ్రోజన్ బంధాల వల్ల మధ్యలో ఖాళీలుంటాయి కాబట్టి అది నీళ్ల మీద తేలుతుంది. కరెక్టేనా?” కరెక్టే అన్నాను. అక్కడితో ఆగకుండా, ఆ ఖాళీలు లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పమన్నాను.