మరునాటి రెండు దేనారములు

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండడు. యెరూషలేము నుండి యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి పడవేసినవాణ్ణి చూసి యాజకుడు పక్కగా పోయాడు, లేవీయుడు పక్కగా పోయాడు, సమరయుడు జాలిపడి నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టి, పూటకూళ్ల ఇంటికి (దారిన పోయేవారు డబ్బిచ్చి బసచేసే సత్రానికి) చేర్చాడు. చాలా ప్రసంగాలు అక్కడికి చేరేసరికి కానుక సంచి తిరగడం మొదలవుతుంది. 35వ వచనం దాకా వెళ్లేవారు తక్కువ. విదేశంలోని ఒక పల్లె వైద్యశాలకు మా సంఘం నుండి 14 మందిమి సేవకు వెళ్లి వచ్చిన నాటి నుండి నన్ను విడవనిది మాత్రం ఆ వచనమే.

“మరునాడు” అని మొదలవుతుంది అది. సమరయుడు ఆ చోటివాడు కాడు, దారిన పోయేవాడు. యెరూషలేము నుండి యెరికోకు దాదాపు 27 కిలోమీటర్ల దూరం, వెయ్యి మీటర్ల దిగుడు. ఆ దారిలో అతనికీ తన పని ఉంది, కనుక ఒక రాత్రి పరామర్శించి తెల్లవారాక వెళ్లిపోయాడు. వెళ్లడం తప్పని ప్రభువు అనలేదు. అయితే వెళ్లేముందు అతడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టాడు. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో దేనారము ఒక రోజు కూలి, అంటే ఇతడు ఇచ్చింది రెండు రోజుల కష్టం. పైగా “నేను మరల వచ్చునప్పుడు అది నీకు తీర్చెదను” అని లెక్క తెరిచే ఉంచాడు. గాయపడినవాణ్ణి ఎలా చూసుకోవాలో పూటకూళ్లవానికి పాఠం చెప్పలేదు; పరామర్శించుమన్నాడు, అంతే. కట్లు విప్పి మళ్లీ కట్టిందీ, జ్వరం వస్తే రాత్రంతా మేలుకున్నదీ బహుశా ఆ పూటకూళ్లవాడే. అతనికి ఉపమానంలో పేరూ లేదు, మెప్పూ లేదు.

మేము వెళ్లిన చోట ఆ పూటకూళ్లవాడు ఒక నర్సమ్మ. ఏడాది పొడవునా ఆ రెండు గదుల్లో రోగులను చూసేది ఆమె. మేము ఉన్నది తొమ్మిది రోజులు. నాకు వైద్యం రాదు కాబట్టి రోగుల పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మూడో రోజు ఒక ముసలామె వచ్చి కొంగుముడి విప్పి, మాత్రలన్నీ అయిపోయిన మూడు ఖాళీ రేకులను నా ముందు పరిచింది. నిరుడు వచ్చిన బృందం ఇచ్చిన బీపీ మాత్రలవి, ఒక నెలకు సరిపడా. అవి అయిపోయాక ఆమె పదకొండు నెలలు మా కోసం ఎదురుచూసింది. దుబాసీ ఆ మాట చెప్పినప్పుడు నేను తలెత్తలేకపోయాను. బీపీకి మాత్ర రోజూ వేసుకోవాలి. సంవత్సరానికి ఒక నెల వేసుకునే మందు దేనికి పనికివస్తుంది?

ఇక్కడ కొంచెం కటువుగా రాస్తున్నాను, క్షమించాలి. మేము మోసుకెళ్లిన పెట్టెల్లో మూడు నెలల్లో గడువు తీరే మందులున్నాయి. దానంగా ఇచ్చే మందులకు, అవి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. మాకు ఆ సంగతి తెలియదు, తెలుసుకుందామనీ అనుకోలేదు. ఒకే రంగు చొక్కాలు కుట్టించుకోవడానికి మాత్రం మూడు కూడికలు పట్టాయి. సొంత ఊరిలో ఎవరూ సూది చేతికివ్వని యువకుడు అక్కడ సూది వేస్తానని ముందుకు రావడం ఏ రకమైన పరిచర్య? ఏడుస్తున్న పసివాణ్ణి ఎత్తుకుని ఫొటో దిగేటప్పుడు, కుడిచెయ్యి చేయునది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఒక్కరికైనా గుర్తుకు రావద్దా?

అమెరికా మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ తమిళనాడులోని వేలూరులో వైద్యం మొదలుపెట్టి ఊరుకోలేదు. 1909లో నర్సులకు, 1918లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పే బడులు తెరిచింది. నా కంటికి అది పూటకూళ్లవారిని తయారుచేయడమే. మనం ఆమె కాలిధూళికి సరిపోము, సరే. కానీ రెండు దేనారములు మన చేతిలోనూ ఉన్నాయి కదా. ప్రయాణానికి ముందే నర్సమ్మకు ఉత్తరం రాసి ఏమి కావాలో అడగండి. మాత్రలు ఆ దేశంలోనే కొనండి, అప్పుడు మీరు లేని నెలల్లోనూ అవే దొరుకుతాయి. విమానం టికెట్లలో రెండు తగ్గించి ఆ సొమ్మును నెలనెలా పంపండి. లెక్క అడగండి, పెత్తనం చేయకండి.

బయలుదేరే రోజు ఉదయం మా దగ్గర మిగిలిన డబ్బు పోగుచేసి ఆమెకు ఇచ్చాం. ఆమె లెక్కపెట్టి, రసీదు రాసి, తన పాత రిజిస్టరు తీసి ముసలామె పేరుకు ఎదురుగా వచ్చే పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీసింది. మొదటి గడిలో ఆ రోజు తేదీ వేసి, రెండో గడి దగ్గర కలం ఆపి, “మీరు మళ్లీ ఎప్పుడు వస్తారు?” అని అడిగింది.