పాలిచ్చే తల్లికి చీముగడ్డ వస్తే

గాయం పూర్తిగా మానింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. పాపకి నెల దాటాక నా కుడి రొమ్ము ఒక పక్క ఎర్రగా కంది, రాయిలా గట్టిపడింది. పాలు కట్టుకున్నాయని మా అత్త కాపడం పెట్టింది, పక్కింటావిడ గట్టిగా పిసికి తియ్యమంది. స్కానింగ్‌లో చీముగడ్డ అని తేలింది. సూదితో లాగితే మళ్లీ నిండింది, చివరికి కోసి, గుంటలో గాజుగుడ్డ పెట్టి ఇంటికి పంపారు.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. మే నెల, ఊరంతా గంగమ్మ జాతర సందడి, తిరుపతి ఎండకి రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటే నాకు చలిజ్వరం, రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పాప ఏడ్చేసరికి పాలు చేపుకొచ్చి కోతలోంచే కారాయి, చీముతో కలిసి, జాకెట్టు, పక్కగుడ్డ అంతా తడి. రొమ్ము తీసేస్తారేమోనని ఒకటే టెన్షన్. మా ఆయన ఆటోలో క్యాజువాల్టీకి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు ఫోన్లోంచి తలెత్తకుండానే, "డబ్బా పాలు పడితే బిడ్డేం చచ్చిపోదు కదమ్మా, ఎందుకీ పట్టుదల?" అన్నాడు. ఇంజెక్షన్‌కి జ్వరం తగ్గింది, ఆ మాట మాత్రం ఇప్పటికీ మండుతోంది.

మాయమ్మ చిత్తూరు నుంచి మల్లెపూలు తెచ్చింది, రొమ్ముకి కట్టుకుంటే పాలు ఎండిపోతాయని. (వట్టి నమ్మకమేం కాదు, 1988లో డాక్టర్లే దీనిమీద పరిశోధన రాశారట.) కోసిన సర్జన్ మేడం వద్దంది. ఉన్నట్టుండి ఆపితే పాలు నిలవుండి ఇంకా ముదురుతుంది, రాసిచ్చిన యాంటీబయాటిక్ పాలిచ్చేవాళ్లు వాడొచ్చు, కోతలోంచి పాలు కారుతున్నాయి కాబట్టి మానడం లేటవుతుంది, అంతే అంది. పూలు తల్లో పెట్టుకున్నా.

కట్టు మార్చే సిస్టరుకి మాత్రం చెయ్యెత్తి మొక్కాలి. ఎండి అతుక్కున్న గుడ్డని సెలైన్‌తో తడిపి మెల్లగా లాగి, కొత్తగా గుంటలో పట్టే ముక్కని నా ముందు పట్టుకుని "చూడు తల్లీ, నిన్నటికంటే పొట్టిది" అనేది. పాలు పట్టేటప్పుడు కోత మీద గుడ్డ పెట్టి అరచేత్తో అదిమి పట్టుకోవడం నేర్పిందీ ఆమే.

ఎరుపు, జ్వరం కలిసొస్తే పిసక్కండి, వెంటనే డాక్టరుకి చూపించండి. వారాలైనా మానకపోతే టీబీ పరీక్ష గురించి అడగండి, నాకూ చేశారు, లేదన్నారు. గంగమ్మకి పొంగళ్లు పెడతానని మొక్కుకున్నా, వచ్చే జాతరకి తీర్చుకుంటాం. సిస్టర్‌నీ పిలిచా, డ్యూటీ లేకపోతే వస్తానంది.