తాబేళ్లు లాక్‌డౌన్ చూసి రాలేదు

ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ల వీడియో మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. 2020 మార్చిలో వాట్సాప్ తెరిస్తే అదే. ఒడ్డు పొడవునా ఇసుక కనబడనన్ని ఆలివ్ రిడ్లే తాబేళ్లు, వెనక ఏదో వేణుగానం, కింద "మనుషులు ఇళ్లలో ఉంటే ప్రకృతి ఇలా ఉంటుంది" అని ఓ వాక్యం. మూడేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్‌లో, పలాస దాటాక ఇంటర్‌సిటీలో నా ఎదురు సీటు పెద్దాయన అదే వీడియో తీసి నాకు చూపించారు. నేను వెళ్తున్నది అక్కడికేనని చెప్పడంతో ఆయనకి ఉత్సాహం వచ్చింది. "చూడండి మాస్టారూ, మనం లేకపోతే అన్నీ బాగుపడతాయి. మనమే చీడ" అన్నారు.

ఆ మాట నాకు మంట పుట్టిస్తుంది. అప్పుడూ పుట్టించింది, ఇప్పుడూ అంతే. సోంపేట వచ్చేదాకా ఆయనతో వాదించాను. ఆ తాబేళ్లు నవంబరు నుంచే ఆ సముద్రంలో గుంపులుగా చేరి జతకడతాయి. మార్చిలో గుడ్లు పెట్టాలంటే కడుపులో గుడ్లు అంతకుముందే తయారవ్వాలి. జనతా కర్ఫ్యూ 22న పెట్టి 25న దేశమంతా మూసేస్తే, ఆ కబురు విని ఎవరూ ఆ మూడు రోజుల్లో గుడ్లు కట్టుకుని రారు కదా. పైగా 2018లో జనం మామూలుగా తిరుగుతుండగానే అక్కడికి లక్షల్లో వచ్చాయి. 2019లో సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగలేదు. అందుకని 2020లో వచ్చేసరికి అందరికీ అద్భుతంలా కనబడింది. వీటికి అలా ఒక ఏడు మానేయడం కొత్త కాదు.

ఆయన వినలేదు. "ఏదో ఒకటి, గాలి శుభ్రపడిందా లేదా?" అన్నారు. పడింది, నేనూ చూశాను. ఆ ఏప్రిల్‌లో మా విశాఖలో మేడ ఎక్కితే కొండలు కడిగిపెట్టినట్టుండేవి. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచం మొత్తం రోజువారీ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 17 శాతం పడిపోయాయని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఏడాది మొత్తం తీసుకుంటే తగ్గింది 5 శాతం చిల్లర. 2021కి మళ్లీ దాదాపు మొదటికొచ్చింది. ఇంతా చేసి ఆ 2020 మే నెలలోనే హవాయిలోని మౌనా లోవా కేంద్రంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ 417 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 417 పాళ్లు) దాటింది. అప్పటిదాకా కొలిచిన నెలలన్నిటిలో అదే ఎక్కువ. కుళాయి ధార కాస్త తగ్గించినంత మాత్రాన గిన్నెలో అంతకుముందు పోసిందంతా ఎక్కడికి పోతుంది?

ఇచ్ఛాపురంలో ఆయన దిగిపోయారు. దిగుతూ కూడా "మీకు ప్రకృతి మీద నమ్మకం లేదు" అన్నారు. నాకు మనుషుల మీద ఇంకా ఉంది, ఆయనకి లేదు, మా తగువంతా అదేనని బరంపురం వచ్చేదాకా అనుకుంటూ కూర్చున్నాను.

బరంపురంలో భాష బెంగ లేదు. టిఫిన్ బండి దగ్గర నుంచి చీరల కొట్టు దాకా సగం మంది తెలుగు మాట్లాడతారు. బెంగంతా ఆటోతోనే. గంజాం ఊరి దాకా, ముప్ఫై కిలోమీటర్ల పైమాటకి, తొమ్మిది వందలు అడిగాడు. తాబేళ్ల సీజన్ అట. తాబేళ్లు వచ్చాయని ఆటో రేటు పెరగడమేమిటో! బేరం ఏడు వందల దగ్గర ఆగిపోయింది, ఇక దిగలేదు. బస్సులో అయితే అప్పట్లో యాభై, అరవైతో హైవే మీద దిగి నడిచిపోయే వీలుండేది. వెళ్లేవాళ్లు అలాగే వెళ్లండి.

గుడ్లు పెట్టే ఘట్టం నాకు దక్కలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 23 నుంచి వారం పైగా జరిగింది, 6 లక్షల 37 వేల తాబేళ్లు వచ్చాయని ఒడిశా అటవీ శాఖ లెక్క. నేను వెళ్లింది పిల్లలు బయటికొచ్చే రోజులకి. ఇసుక వేడిని బట్టి నలభై అయిదు, యాభై రోజులు పడుతుంది. ఆ వేడే లోపలిది ఆడో మగో కూడా తేలుస్తుంది, ఎక్కువ వేడయితే ఎక్కువ ఆడపిల్లలు.

పురునాబంధ ఊళ్లో ఒక కుర్రాడితో ముందే ఫోన్లో మాట్లాడుకున్నాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్ల తరబడి తాబేళ్లని కాస్తున్న కుర్రాళ్ల దండు ఒకటుంది, వాళ్లలో ఒకడు. వచ్చేసరికి ఎండ మాడిపోతోంది. "అన్నా, చీకటి పడేదాకా ఏం లేదు, పోదంపేట చూసొద్దాం రా" అని బండెక్కించాడు.

పోదంపేట గురించి మనవాళ్లకి తెలియాలి. పేరు చూస్తేనే మనదని తెలుస్తుంది. ఎన్నో తరాల కిందట మన తీరం నుంచి వెళ్లిన మత్స్యకారుల ఊరు. నోళియాలంటారు అక్కడ. ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. పాత ఊరిని సముద్రం కోసేసింది. గోడలు సగం ఇసుకలో, సగం నీళ్లలో ఉన్నాయి. ఒక ఇంటికి గుమ్మం మిగిలింది, దాని అవతల సముద్రం. జనాన్ని లోపలికి కొత్త కాలనీకి మార్చారు.

ఆ పాత ఊరి పక్క ఇసుకలో ఒకావిడ నెత్తళ్లు ఆరబోస్తోంది. అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి, "ఏటి బాబూ, నువ్వూ తాంబేలుకే వచ్చీసినావా?" అంది. అవునమ్మా అన్నాను. ఎక్కడి నుంచి అంటే విశాఖపట్నం అని చెప్పాను. "అయితే మనోడివే" అని గోనె పరిచి కూర్చోమంది.

ఆ రోజంతటిలో నాకు మిగిలింది ఆ గంటే. రైల్లో పెద్దాయన మాట ఆవిడకి చెప్పాను. మనుషులు లేరు కాబట్టి ఆ కరోనా ఏడు తాబేళ్లు వచ్చాయంటున్నారమ్మా అని. ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. కాసేపటికి అంది:

"మనుసులు లేకపోడమేటి? మేం యాడకెళ్లిపోతాం? మా ఊరి కుర్రోళ్లే కదా రాత్రంతా కాసింది. కుక్కల్ని తోలింది ఎవరు, నక్కల్ని తోలింది ఎవరు? ఊళ్లో పోలీసోళ్లు లోపలికి పొమ్మంటే లోపలికి పోయినాం. గుడ్లు కాయడానికి మాత్రం మావోళ్లే కావాల్సొచ్చింది."

తర్వాత ఆవిడ కొడుకుల గురించి చెప్పింది. ఒకడు కేరళలో బోటు మీద, ఒకడు సూరత్‌లో మగ్గం మీద. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లేవాళ్లు లక్షల్లో ఉంటారు. లాక్‌డౌన్ రాగానే కూలి లేదు, రైలు లేదు. మే నెలలో శ్రామిక్ రైళ్లు మొదలయ్యాక వాళ్లంతా ఒక్కసారి తిరిగొస్తే, జూన్, జూలైకల్లా ఒడిశాలో అన్నిటికన్నా ఎక్కువ కేసులున్న జిల్లా గంజామే అయింది. ఆవిడ రెండో కొడుకు వచ్చాడు, స్కూల్లో క్వారంటైన్ ఉన్నాడు, బతికాడు. కేరళ వాడు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

"టీవీలో తాంబేళ్లు వచ్చీసినాయి, వచ్చీసినాయి అని ఒకటే మోత. మా పిల్లలు రాలేదని ఎవుడూ చెప్పలేదు బాబూ."

నాకు మాట రాలేదు. మన ఉత్తరాంధ్ర కథ కూడా అదే కదా. ఆ లాక్‌డౌన్‌లోనే శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల్లోనే చిక్కుకుని, తిండికి అల్లాడి, ఏప్రిల్ ఆఖర్లో బస్సుల్లో బయల్దేరారు. అప్పుడు కూడా నాకు వచ్చిన వీడియోలన్నీ నెమళ్లవీ, జింకలవీ.

ఇంకో సంగతి ఆవిడ మామూలుగా చెప్పేసింది గానీ నాకు పెద్దదిగా తోచింది. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల ఎదుట తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల ఇంజను పడవలు వేటకి వెళ్లకూడదు. తాబేళ్ల కోసమే ఆ నిషేధం. అంటే ఆ ఊళ్లకి ఏటా ఏడు నెలలు లాక్‌డౌనే. ప్రభుత్వం ఏదో కొంత సాయం ఇస్తుంది, చాలదు అంటారు. 2020లో ట్రాలర్లు, అంటే పెద్ద వలలు లాగే ఇంజను పడవలు, రాలేదు కాబట్టి తాబేళ్లు బతికాయని రాసినవాళ్లు ఆ నిషేధం నవంబరులోనే మొదలైందని రాయలేదు. నష్టపోయినవాళ్ల త్యాగమంతా తీసుకెళ్లి వైరస్ ఖాతాలో వేశారు. నా కోపం అక్కడుంది.

లేచేటప్పుడు ఎండు నెత్తళ్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. డబ్బులిస్తే ముందు వద్దంది, తర్వాత యాభై తీసుకుంది. మా పూర్ణా మార్కెట్‌లో ఆ సరుకు అంత చవగ్గా రాదు.

రాత్రి ఎనిమిదింటికి ఒడ్డుకి వెళ్లాం. చంద్రుడు లేడు. ఒడ్డు వెంట ఊరివైపు మోకాలెత్తు వల కట్టారు. గార్డు మా ఫోన్లు జేబుల్లో పెట్టించి, వల ఇవతలే నిలబడమన్నాడు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పట్టింది. మొదట ఇసుక కదిలినట్టు అనిపించింది. తర్వాత కాళ్ల దగ్గర సన్నటి గరగర. వల అవతల వందలు, వేలు. అరచేతిలో సగం ఉంటాయేమో ఒక్కొక్కటి. అవన్నీ సముద్రంలోకి పోవాలి. కానీ సగానికి సగం మా వైపే వస్తున్నాయి.

"లైట్లన్నా" అన్నాడు కుర్రాడు. వెనక్కి తిరిగి చూశాను. హైవే దీపాలు, ఊరి దీపాలు, దూరంగా ఫ్యాక్టరీ దీపాలు, ఆకాశం ఒక పక్క పసుపు పచ్చగా ఉంది. పుట్టిన పిల్లకి తెలిసింది ఒకటే, ఎటు వెలుగుంటే అటు పోవడం. ఇదివరకు వెలుగంటే నీటి మీద మెరిసే ఆకాశం. ఇప్పుడు మన బల్బులు. వలకి తగిలి ఆగినవాటిని కుర్రాళ్లు, గార్డులు బకెట్లలోకి ఏరి, అలల అంచున వదులుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, నడుము ఎత్తడం లేదు. వెయ్యింటిలో ఒకటి పెద్దదవుతుందని అంటారు, అయినా ఒక్కొక్క దాన్నీ ఏరుతున్నారు.

నేను అక్కడ నిలబడి మా ఆర్కే బీచ్ గురించి ఆలోచించాను. జనవరి వచ్చిందంటే అక్కడ పొద్దున నడకకి వెళ్లినవాళ్లకి ఉబ్బిపోయిన తాబేళ్ల శవాలు కనబడతాయి. గుడ్లు పెట్టేవి కొన్ని వస్తాయి, అటవీ శాఖవాళ్లు గుడ్లు తవ్వి తీసి దడి కట్టి పొదిగిస్తారు. మంచిదే. కానీ రాత్రి ఆ బీచ్ రోడ్డు వెలుగు చూడండి, అక్కడ ఇసుకలో పుట్టిన పిల్ల ఏ దిక్కుకి పోతుంది?

అక్కడే ఇంకోటీ గుర్తొచ్చింది. 2020 మే 7. లాక్‌డౌన్ సడలించిన కొద్ది రోజులకే మా ఊరి ఆర్ఆర్ వెంకటాపురంలో, నెలకి పైగా ఆపేసిన రసాయన కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి తెల్లవారుజామున ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. పశువులు పడిపోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. మనుషులు తప్పుకుంటే ప్రకృతి తనంతట తాను బాగుపడుతుందనేవాళ్లకి ఆ ఆకులు చూపించాలి. చల్లగా ఉంచాల్సిన ట్యాంకుని చూసుకునే మనిషి సరిగ్గా చూసుకోకపోతే ఏమవుతుందో మేం చూశాం. రుషికుల్యలో చూసుకునే మనిషి ఉన్నాడు. రెండు చోట్లా తేడా చేసింది మనిషి ఉండటం, ఉండకపోవడం కాదు, ఉన్నవాడు ఏం చేస్తున్నాడన్నది.

లాక్‌డౌన్ ఏమీ చేయలేదని కూడా అనను. కుర్రాడే చెప్పాడు, ఆ ఏడాది చూడ్డానికి వచ్చే జనం లేరు, సెల్ఫీల గోల లేదు, వీపు మీద చెయ్యి వేసేవాళ్లు లేరు, పొద్దెక్కాక కూడా తాబేళ్లు నింపాదిగా గుడ్లు పెట్టుకున్నాయి అని. అంత వరకూ నిజం. తర్వాతి నెలల్లో అదే ఒడ్డుకి నీలం మాస్కులు, చేతి తొడుగులు కొట్టుకొచ్చాయని కూడా వాడే చెప్పాడు.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు. జనరల్ బోగీ, నిలబడి ఇచ్ఛాపురం దాకా, తర్వాత సీటు.

2024లో రుషికుల్యకి సామూహికంగా తాబేళ్లు రాలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఈ రెండేళ్లలోనూ ఏ లాక్‌డౌనూ లేదు. ఆ ఫిబ్రవరిలో కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, కాలు పెట్టడానికి ఖాళీ లేదు, వచ్చెయ్" అన్నాడు. సెలవు దొరకలేదు. పిల్లలు వచ్చే రోజులకి హైవే వైపు లైట్లు ఆర్పుతున్నారా అని అడిగాను. "కొన్ని ఆర్పుతారు, కొన్ని ఆర్పరు. మా బకెట్లు మాకున్నాయి కదా" అన్నాడు.