పసుపు కిట్టు, 14 రోజులు

సురక్ష క్లినిక్‌లో, అంటే కలయికతో అంటే జబ్బులు చూసే ప్రభుత్వ క్లినిక్‌లో, కౌన్సెలర్‌ని. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట అని నా ముందు కూర్చునేవాళ్లలో చాలామంది అప్పటికే వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతూ రోజులు గడిపేసి ఉంటారు. స్కానింగ్ బాగుందని ధైర్యంగా ఉండేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ నొప్పి గర్భసంచి పక్కనుండే ట్యూబులకి క్రిమి సోకి వాచినందువల్ల కావచ్చు, ఆ వాపు మొదట్లో స్కానింగ్‌కి దొరక్కపోవచ్చు. డాక్టరమ్మ లోపలి పరీక్షలో గర్భసంచి మూతిని కదిపినప్పుడు నొప్పి పుడితే, రిపోర్టులకోసం ఆగకుండా ఆ రోజే మందు మొదలుపెడతారు. ముందు గర్భ పరీక్ష మాత్రం తప్పదు. ట్యూబులో గర్భం నిలిచినా నొప్పి ఇలాగే ఉంటుంది. పైగా మేమిచ్చే మందుల్లో ఒకటైన డాక్సీసైక్లిన్ గర్భిణికి పనికిరాదు.

ఈ జబ్బుకిచ్చే మాత్రల ప్యాకెట్టు పసుపురంగు కిట్టు. అది విప్పి మాత్రలు వాళ్లచేతే లెక్కపెట్టిస్తాను. సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములది ఒకటే, ఒక్కసారే. మెట్రోనిడజోల్ 400, డాక్సీసైక్లిన్ 100 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున 14 రోజులు, అంటే చెరి 28. డాక్సీసైక్లిన్ అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతు దిగాక అతుక్కుని అక్కడ పుండు పడుతుంది. పాలు, ఐరన్ మాత్ర, గ్యాస్ మందు దానితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు, రెండు గంటలు ఎడం ఉండాలి. మెట్రోనిడజోల్‌తో నోరు ఇనుము నాకినట్టు చేదెక్కుతుంది, అది మామూలే. కల్లు, సారా ముట్టకూడదు.

మూడో రోజు మళ్లీ రమ్మంటాం. నొప్పి, జ్వరం తగ్గకపోయినా, మాత్రలు వాంతయిపోతున్నా ఇంట్లో ఉంచే కేసు కాదు, ఆసుపత్రిలో చేర్చి సూదిమందు ఇవ్వాలి. నాకు ఎక్కువ భయం మాత్రం తగ్గినవాళ్ల గురించే. నాలుగైదు రోజులకి హాయిగా ఉందని మిగతా మాత్రలు అటకెక్కిస్తారు. నొప్పి పోయినా ట్యూబుల్లో క్రిమి మిగిలిపోవచ్చు. ట్యూబు లోపల మచ్చకట్టి మూసుకుపోతే తర్వాత ఏ మాత్రా దాన్ని తెరవలేదు.

భర్తకీ మందు వెయ్యాలంటే "ఆయనకేం లేదు మేడమ్" అంటారు. ఈ జబ్బు తెచ్చే క్రిముల్లో ఒకటైన క్లమీడియా కలయికతోనే అంటుతుంది, మగవాళ్లలో అది చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు తల్లీ, అందుకే నొప్పి లేకున్నా ఆయనకీ మందు వెయ్యాలి అని చెబుతాను. ఆయనది బూడిదరంగు కిట్టు: అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400, ఒకేసారి. గత రెండు నెలల్లో కలిసినవాళ్లందరికీ ఇదే. ఆమె 14 రోజుల మందు పూర్తయ్యేదాకా, ఆయన మందు వేసుకుని వారం గడిచేదాకా ఇద్దరూ కలవకూడదు. ఇద్దరికీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు కూడా ఆ రోజే చేయిస్తాం.